మందు ఎవరి వల్ల విరిగింది

మా ఊరి పేరు ముప్ఫైమూడు. స్పానిష్‌లో త్రెయింతా ఇ త్రెస్ అంటారు. ఎవరో ముప్ఫై ముగ్గురు వీరులు దేశం కోసం నది దాటి వచ్చారనీ, వాళ్ళ జ్ఞాపకార్థం ఈ పేరు పెట్టారనీ బళ్ళో చెప్పారు. ఈ పేరు వల్ల మాకు ఒరిగిందేమీ లేదు. మా డాక్టరుకు మాత్రం ప్రాణం విసిగింది.

మా దేశంలో ఏ డాక్టరైనా రోగి వీపు మీద అరచెయ్యి ఆనించి "ముప్ఫైమూడు అనండి" అంటాడు. ఆ మాట అంటుంటే ఛాతీ అదురుతుంది, ఆ అదురును బట్టి లోపలి సంగతి తెలుస్తుంది. మిగతా ఊళ్ళలో రోగులు బుద్ధిగా ముప్ఫైమూడు అంటారు. మా ఊళ్ళో, అది ఊరి పేరు కూడా కాబట్టి, బస్సు కండక్టరులా "ఒక టికెట్టేనా, రానూపోనూనా?" అని అడుగుతారు. డాక్టర్ అర్రిల్యాగా ఇరవై రెండేళ్ళుగా రోజుకు పదిహేను సార్లు ఈ జోకు వింటున్నాడు. న్యుమోనియాతో మూలిగేవాడు కూడా మూలుగు ఆపి ఈ మాట అని, మళ్ళీ మూలుగు అందుకుంటాడు. డాక్టరు నవ్వడు. తిట్టడు కూడా. "ఊపిరి పీల్చు" అంటాడు.

నా పేరు దోరీలా. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసేదాన్ని. కాబట్టి నేను చెప్పబోయే సంగతులు నాకెలా తెలుసని అడక్కండి.

ఈ కథ ఎర్సిలియా తెచెరాది. పదిహేడో ఏట సీసాలు కడగడానికి ఎచెవెర్రీ మందుల షాపులో చేరింది. యాభై రెండో ఏట కూడా అక్కడే ఉంది. మధ్యలో వచ్చిన మార్పల్లా, సీసాలు కడగడంతో పాటు వాటిలో పోసే మందు కూడా ఆమే చెయ్యసాగింది. సీసా మీద మాత్రం "వాల్డెమార్ ఎచెవెర్రీ, ఫార్మసిస్టు" అని ఉండేది. ముప్ఫై ఐదేళ్ళు కల్వంలో నూరీ నూరీ ఆమె కుడిచెయ్యి ఎడమచేతికంటే లావెక్కింది. దర్జీ ఆమె గౌనుకు కుడిచేతి గుడ్డ రెండు వేళ్ళు వదులుగా పెట్టి కుట్టేవాడు. ఆ రహస్యం ఆయన ఎవరికీ చెప్పలేదు. టెలిఫోనులో ఒక్కసారి అన్నాడంతే.

మేమిద్దరం ఒకే ఇంట్లో చెరో గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. వంటగది మాత్రం ఒక్కటే.

ఆమె చేసే మందుల్లో పేరుపడ్డది ఎమల్షన్. అంటే నూనెనూ నీళ్ళనూ కలిపి, మళ్ళీ విడిపోకుండా కాపురం చేయించడం. లెక్క నాలుగు, రెండు, ఒకటి. నాలుగు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు నీళ్ళు, ఒక పాలు తుమ్మబంక పొడి. ముందు పొడి కల్వంలో పొడి బంక వేసి, దాని మీద నూనె పోసి నూరాలి. అంతవరకూ ఒక్క చుక్క తడి తగలకూడదు. తగిలితే బంక ఉండ కడుతుంది, ఇక ఎవరి మాటా వినదు. తర్వాత కొలిచి పెట్టుకున్న నీళ్ళు మొత్తం ఒక్కసారే గుమ్మరించి, చెయ్యి ఆపకుండా ఒకే వైపుకు గబగబా తిప్పాలి. కాసేపటికి కల్వంలోంచి చిటపటమని చప్పుడొస్తుంది. వచ్చిందంటే కాపురం కుదిరినట్టే. తెల్లగా మీగడలా తయారవుతుంది. రాకపోతే నూనె పైకి తేలుతుంది. అప్పుడు మందు విరిగిందంటాం, పాలు విరిగాయన్నట్టే.

ఎందుకు విరిగింది? మా వాళ్ళ దగ్గర దీనికి ఒక్కటే జవాబు. మా వంటిళ్ళలో గుడ్డూ నూనే గిలక్కొట్టి చేసే మయొనేజ్ విరిగితే ఎవరూ గుడ్డును చూడరు, నూనెను చూడరు. ఇంట్లో ఏ ఆడది బయట ఉందో చూస్తారు. నెలసరిలో ఉన్న ఆడది గిన్నె ముట్టినా, కనీసం తొంగి చూసినా విరుగుతుందని మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడకు ఆవిడ అమ్మమ్మ చెప్పింది. దోన్ వాల్డెమార్, అంటే షాపు యజమాని వాల్డెమార్ గారు, రాజధాని మాంటెవీడియోలో చదివి పట్టా తెచ్చుకున్నవాడు. ఆ పట్టా మందులు చేసే లోపలి గదిలో గోడకు వేలాడేది. దాని పక్కనే బీమా కంపెనీ వాళ్ళిచ్చిన కేలండరు. ఎర్సిలియా రోజులకు ఆయన అందులో ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టేవాడు. ఆ నాలుగు రోజులూ ఆమె లోపలి గదిలోకి రాకూడదు. కౌంటరు దగ్గర ఎత్తుపీట మీద కూర్చుని సబ్బులూ ఆస్పిరినూ అమ్మాలి.

షాపు మొత్తానికి కూర్చునే చోటు ఆ పీట ఒక్కటే.

ఎర్సిలియాకు నలభై తొమ్మిదో ఏట నెలసరి ఆగిపోయింది. ఆ సంగతి నాకు చెప్పింది, దోన్ వాల్డెమార్‌కు చెప్పలేదు. నెలనెలా వెళ్ళి "రేపట్నుంచి అండీ" అంటూనే ఉంది. ఆయన ఎర్ర గుర్తులు పెడుతూనే ఉన్నాడు.

"పాపం కాదటే?" అన్నానొకసారి.

"ముప్ఫై రెండేళ్ళు నిలబడ్డానే. ఆ మాత్రం పాపాన్ని ఈ కాళ్ళు మోస్తాయిలే" అంది.

ఆ పీటకు ఇంకో సుఖం కూడా ఉంది. బస్సు కండక్టరు నెల్సన్ సిల్వేరా పదకొండేళ్ళుగా వారం వారం వచ్చి ఆస్పిరిన్ కొనేవాడు. ఆయనకు తలనొప్పన్నది లేదు. పదకొండేళ్ళ తర్వాత కూడా ఎర్సిలియాను "మీరు" అనేవాడు. ఎప్పుడో ఆరేళ్ళ కిందట ఆమె తనకు నలభై రెండని ఆయనతో అంది. ఆ తర్వాత ఆ ప్రస్తావన రాలేదు. నెమ్మదిగా నడిచినా బస్సు చేరేచోటికి చేరుతుందని ఆయన నమ్మకం.

పందొమ్మిది వందల యాభై ఒకటి ఏప్రిల్‌లో, మా వైపు చలి మొదలయ్యే రోజుల్లో, యెర్బాల్ వాగు అవతలి నుంచి హాసింతా అనే ఆవిడ కూతుర్ని తీసుకుని డాక్టరు దగ్గరకు వచ్చింది. పిల్ల పేరు నోరిస్. ఎనిమిదేళ్ళు. గొంతు నొప్పితో మొదలైన జ్వరం కీళ్ళలోకి దిగి, అక్కణ్ణుంచి గుండెను పట్టుకుంది. డాక్టరు వీపు మీద చెయ్యి ఆనించి "ముప్ఫైమూడు అను తల్లీ" అన్నాడు.

"ముప్ఫై" అంది పిల్ల. ఊపిరి తీసుకుంది. "మూ" అంది. మళ్ళీ ఊపిరి తీసుకుంది. "డు."

డాక్టరు చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే నిలబడ్డాడట. ఆ సాయంత్రం మాంటెవీడియోలో ఉన్న స్నేహితుడికి ఫోను చేసి, "గుండె చప్పుడు సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇది విను. ఆ పిల్ల జోకు వెయ్యలేదు. వెయ్యడానికి ఊపిరి మిగల్లేదు" అన్నాడు. లైను బాగానే ఉంది గానీ అటువైపు మనిషికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నాలుగు రోజులకు డాక్టరు మందుల షాపుకు వెళ్ళాడు.

"ఇంకొక్కసారి గొంతు నొప్పొచ్చి జ్వరం తగిలిందంటే ఆ గుండె తట్టుకోదు. చలికాలం గడిచేదాకా రోజూ పెన్సిలిన్ పడాలి" అన్నాడు.

"ఇంజక్షన్లు పొడవండి" అన్నాడు దోన్ వాల్డెమార్.

"ఎవరు పొడుస్తారండీ? వాగు పొంగితే అటువైపు గుర్రం కూడా పోదు. నోట్లోంచే ఇవ్వాలి. ఇస్తే కడుపులో పులుపు దాన్ని తినేస్తుంది. మందులో పావు వంతు కూడా మిగలదు. ఆ పులుపు దాటిస్తే చాలు, మిగతాది పేగులు చూసుకుంటాయి. నూనెలో దాచి ఇమ్మని పత్రికలో రాశారు. ఇచ్చి చూశాను. నూనె గొంతులో పడగానే పిల్ల కక్కేస్తోంది."

ఎర్సిలియా అప్పుడు కల్వం తుడుస్తోంది. తల ఎత్తకుండానే, "అంటే మందుకి పోంచో గొంగడి కప్పి వానలోకి పంపాలి. నూనె పోంచో. పిల్ల గొంతు దిగడానికి ఆ నూనెని ఎమల్షన్ చేస్తే సరి" అంది.

"అంతే ఎర్సిలియా గారూ!" అన్నాడు డాక్టరు.

"నేనూ అదే చెప్పబోతున్నా" అన్నాడు దోన్ వాల్డెమార్.

ఎర్సిలియా పెన్సిలిన్ పొడిని వేరుశెనగ నూనెలో కాస్త తేనెమైనం కలిపి నూరింది. ఆ నూనెను తుమ్మబంకతో ఎమల్షన్ చేసింది. ఒక్కో చుక్క నూనెలో మందు ముడుచుకుని కూర్చుంటుంది. కడుపులో పులుపు చుక్కను కరగదీసేలోపు చుక్క కడుపు దాటిపోతుంది. పెన్సిలిన్‌కు నీళ్ళంటే పడదు, వేడంటే అసలు పడదు. అందుకని సీసా ఐసులో పెట్టినా నాలుగు రోజులకు మించి పనికిరాదు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. రంపపుపొట్టూ ఐసూ నింపిన రేకుడబ్బాలో సీసా పెట్టి నెల్సన్ బస్సులో పంపేవారు. అడ్డరోడ్డు దగ్గర కిరాణా కొట్లో దింపితే హాసింతా గుర్రం మీద వచ్చి తీసుకెళ్ళేది. మే నెలంతా ఒక్క సీసా విరగలేదు. పిల్ల ముఖంలో రక్తం కనిపిస్తోందని హాసింతా ఫోనులో చెప్పింది.

ఈ సంగతి ఊళ్ళో పాకింది. చర్చి దగ్గర, బ్యాంకు దగ్గర, క్షౌరశాలలో అందరూ దోన్ వాల్డెమార్‌ను మెచ్చుకున్నారు. ఆయన కాదనలేదు. మెచ్చుకున్నాక ఊరుకుంటే బాగోదు కాబట్టి, జూన్ నుంచి సీసా తయారయ్యేటప్పుడు స్వయంగా దగ్గరుండసాగాడు. అంతకుముందు గుమ్మం దగ్గర నిలబడి చప్పుడు వచ్చిందో లేదో వినేవాడు. ఇప్పుడు ఆయన చెవులు కొంచెం మందగించాయి. ఆ మాట ఎవరైనా అంటే ఆయనకు వినబడేది కాదు. అందుకని కల్వం మీదకు పూర్తిగా వంగి, చెవి దించి వినేవాడు. ఎడమచేతిలో మాతే బుర్ర, అంటే చేదు ఆకు మీద వేణ్ణీళ్ళు పోసుకుని పీల్చే సొరబుర్ర, అందులో లోహపు గొట్టం, చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. మాతే లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. అదేం వింత కాదు. నేనూ అంతే. మా ఊళ్ళో గుర్రాలు తప్ప అందరూ అంతే.

జూన్ మూడో గురువారం మందు విరిగింది.

ఎర్సిలియా నీళ్ళు పోసి తిప్పింది, తిప్పింది, చప్పుడు రాలేదు. నూనె తేలింది. దోన్ వాల్డెమార్ నిటారుగా నిలబడి ముందు గొట్టంలోంచి ఒక గుక్క పీల్చాడు. తర్వాత కేలండరు వైపు చూశాడు. ఆ రోజుకు గుర్తు లేదు.

"ముందే వచ్చిందా?" అన్నాడు.

ఎర్సిలియాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. రాలేదంటే ఆయన నమ్మడు. ఇక రాదంటే మూడేళ్ళ పీట సంగతి బయటపడుతుంది. నోరు మూసుకుంది. ఆయన ఎర్ర పెన్సిలు తీసి ఆ రోజు నుంచి ఏడు గుర్తులు పెట్టాడు. ఈసారి గట్టిగా ఉన్నట్టుంది, ఏడు రోజులు అవసరమన్నాడు. ఆమెను కౌంటరు దగ్గరకు పంపి, మాతే పక్కన పెట్టుకుని మందు తానే చేశాడు. చూడ్డానికి తెల్లగానే వచ్చింది. డబ్బాలో పెట్టి పంపాడు.

శనివారం పొద్దున అడ్డరోడ్డు కిరాణా కొట్టు నుంచి హాసింతా ఫోను చేసింది. లైను నేనే కలిపాను.

"డాక్టరుగారూ, ఈసారి సీసాలో పైన నూనె, కింద నీళ్ళు ఉన్నాయండీ. బాగా ఊపి పట్టాను. రెండు పూటలా కక్కింది. పొద్దున్నుంచి గొంతు గరగరలాడుతోందంటోంది."

"జ్వరమేమైనా ఉందా?"

"ఇంకా రాలేదండీ."

ఆ "ఇంకా" విని నేను ఊపిరి బిగబట్టాను. లైన్లో నా ఊపిరి వినబడితే ఉద్యోగం పోతుంది.

"ఆ సీసా పారబొయ్యి. సోమవారం బస్సుకి మంచిది పంపిస్తాను. అది తప్పకూడదమ్మా. అది మాత్రం తప్పకూడదు" అన్నాడు డాక్టరు.

ఆయన పెట్టెయ్యగానే దోన్ వాల్డెమార్‌కు కలపమన్నాడు. షాపులో పెన్సిలిన్ ఒక్క సీసాకు సరిపోయేంతే మిగిలిందని, మళ్ళీ మాంటెవీడియో పార్సిలు బుధవారానికి గానీ రాదని ఆయన చెప్పాడు. విరిగింది ఎందుకని డాక్టరు అడిగితే, "నేను చేస్తున్నప్పుడు ఎర్సిలియా గుమ్మంలోంచి చూసిందండీ" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట. డాక్టరు చదువుకున్నవాడు. కాదని అంటాడనుకున్నాను. "అయితే సోమవారం ఆవిణ్ణి ఇంట్లో ఉండమనండి" అన్నాడు. ఆయనకూ ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది.

ఇంటికొచ్చి మొత్తం ఎర్సిలియాకు చెప్పాను. ఆమె ఏడవలేదు. ఆదివారం పొద్దున వాన పట్టుకుంది. వాన పడితే టోర్టా ఫ్రీతా వేయించుకోకుండా మేము ఉండలేం. నేను పొయ్యి దగ్గర పిండి వత్తి కొవ్వులో వేయిస్తున్నాను. ఆమె బల్ల మీద తన సొంత కల్వం పెట్టుకుంది. బంక, నూనె, నీళ్ళు. పెన్సిలిన్ లేదంతే.

మొదటిసారి చిటపటమంది. కడిగి, తుడిచి, పొయ్యి దగ్గర ఆరబెట్టి మళ్ళీ చేసింది. మళ్ళీ చిటపటమంది.

"చూశావా? నా చెయ్యి నా చెయ్యే" అంది.

"నీ చెయ్యి మంచిదేనే తల్లీ. కాస్త మాతే తాగు, చల్లారిపోతోంది" అని మూడోసారి నూరుతుంటే బల్ల మీదుగా బుర్ర అందించాను. అందిస్తుంటే గొట్టం మొదట్లోంచి ఒక చుక్క జారి కల్వంలో పడింది. ఆమె చూడలేదు. నేను చూశాను. ఒక్క చుక్కే కదా అని ఊరుకున్నాను.

ఆమె నీళ్ళు గుమ్మరించి తిప్పింది. చప్పుడు లేదు. ఇంకా తిప్పింది. బంక ఉండలు కట్టి పక్కకు అంటుకుంది. నూనె పైకి తేలింది.

"దోరీలా" అంది.

"నేనేం చెయ్యలేదే."

"నీ చేతిలో ఏముంది?"

"మాతే. ఏం, నా చేతిలో మాతే ఉంటే తప్పా?"

"కల్వంలో ఏమైనా పడిందా?"

నేను టోర్టా వైపు చూశాను. అది మాడుతోంది. "ఒక్క చుక్క" అన్నాను.

ఆమె కల్వం కడిగి ఆరబెట్టింది. ఈసారి తనే బుర్ర వంచి కావాలని ఒక చుక్క వేసింది. విరిగింది. మరోసారి చుక్క లేకుండా చేసింది. కుదిరింది. తర్వాత ఇద్దరం కూర్చుని బల్ల మధ్యలో ఉన్న మాతే బుర్రను చాలాసేపు చూశాం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. అందులో నీళ్ళు ఉన్నాయి, వేడి ఉంది, రోజూ కల్వం మీదకు వంగుతూనే ఉంది. మా దేశంలో ఎవరూ దాని వైపు వేలెత్తి చూపలేదు. ఆడవాళ్ళు ఎలాగూ ఉన్నారు కదా.

"రేపు ఆయనతో చెప్పు" అన్నాను.

"నమ్మడు. మాతేని అనడమంటే ఆయన తల్లిని అన్నట్టే. గోడ మీద ఏడు గుర్తులు పెట్టుకుని కూర్చున్నాడు."

"నీకు ఎప్పుడో ఆగిపోయిందని చెప్పు. అప్పుడు ఆ గుర్తులు చెల్లుతాయా?"

ఎర్సిలియా మాడిన టోర్టాను తీసుకుని అంచులు గిల్లుతూ కూర్చుంది.

"పీట పోతుంది. ఉద్యోగం కూడా పోతుందేమో. ఊరంతా ముసల్దాన్నంటారు" అంది చివరికి.

"నెల్సన్..." అన్నాను.

"ఆయన పేరెత్తకు."

సోమవారం నాకు పొద్దుటి డ్యూటీ లేదు. ఇంట్లో సబ్బు నిండుగా ఉంది. అయినా సబ్బు కొనుక్కోవడానికి మందుల షాపుకు వెళ్ళాను. అప్పటికే కౌంటరు దగ్గర నలుగురు ఆడవాళ్ళున్నారు. ఖాళీ రేకుడబ్బా చేత్తో పట్టుకుని నెల్సన్ ఉన్నాడు. బయట బస్సు ఇంజను ఆడుతోంది. లోపలి గది తలుపు తెరిచి ఉంది. డాక్టరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దోన్ వాల్డెమార్ ఎడమచేతిలో మాతేతో, కుడిచేత్తో బంక పొడి తూస్తున్నాడు. ఎర్సిలియా ఇంట్లో ఉండాలి కదా, వచ్చింది. తిన్నగా లోపలి గదిలోకి నడిచింది.

"నువ్వు రాకూడదు! గోడ చూడు, ఐదో రోజు!" అన్నాడు దోన్ వాల్డెమార్.

"మందు విరిగేది నా వల్ల కాదండీ. మీ మాతే వల్ల. కల్వంలో చుక్క పడుతోంది."

"మా నాన్న నలభై ఏళ్ళు ఈ గదిలోనే మాతే తాగాడు. ఏనాడూ విరగలేదు. నీకు బయటుంటే బయటుండు, మాతేనంటావేంటి?"

"ఆ గుర్తులు అబద్ధమండీ."

"ఏంటీ?"

"నాకు ఆగిపోయింది!"

"బస్సు ఆగిందా? ఆగమను, ఇదుగో అయిపోవస్తోంది."

"బస్సు కాదండీ!"

"మరేం ఆగింది? గట్టిగా చెప్పు, గొణుగుతావేం!"

ఎర్సిలియా ఒకసారి వెనక్కి తిరిగి కౌంటరు వైపు చూసింది. మేమందరం ఉన్నాం. నెల్సన్ ఉన్నాడు. ఆమె మళ్ళీ ఆయన వైపు తిరిగి, ముప్ఫై ఐదేళ్ళలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తింది.

"నెలసరి! నాకు నెలసరి ఆగిపోయి మూడేళ్ళయింది! నాకు యాభై రెండేళ్ళు! పీట మీద కూర్చోడానికి నెలనెలా మీకు అబద్ధం చెప్పాను! అక్కడ పిల్ల చచ్చిపోతుంది, ఆ మాతే అవతల పెట్టండి!"

ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆ తర్వాత డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు. అతనికీ వినబడినట్టుంది.

దోన్ వాల్డెమార్‌కు ఈసారి అంతా వినబడింది. ఆయన కేలండరును చూశాడు. వెనక నెల గుర్తులు కనబడేలా ఒక కాగితం ఎత్తి చూశాడు, ఇంకోటి ఎత్తి చూశాడు, వదిలేశాడు. అప్పుడు డాక్టరు గోడ వదిలి ముందుకొచ్చి, "అది ఇటివ్వండి" అని ఆయన చేతిలోంచి మాతే తీసుకున్నాడు. ఎదుటివాడి మాతేను పారబొయ్యడం మర్యాద కాదు కాబట్టి, గొట్టం గరగరమనేదాకా తాగి, బుర్రను తెచ్చి కౌంటరు మీద నా సబ్బు పక్కన పెట్టాడు.

ఎర్సిలియా కల్వం తుడిచింది. పొడిగుడ్డతో ఒకసారి, వేరే పొడిగుడ్డతో ఇంకోసారి. ఉన్న పెన్సిలిన్ మొత్తం నూనెలో నూరింది. బంక కలిపింది. నీళ్ళు ఒక్కసారే గుమ్మరించి తిప్పడం మొదలుపెట్టింది. లావు చెయ్యి గుండ్రంగా, ఒకే వైపుకు తిరుగుతోంది. కౌంటరు దగ్గర మేమందరం చెవులు రిక్కించాం. హాసింతా ఇప్పటికే గుర్రమెక్కి అడ్డరోడ్డుకు బయల్దేరి ఉంటుందని నాకు గుర్తొచ్చింది. నాకు భయమేసింది.

చిటపటమంది.

గదిలో అందరికీ వినబడింది, దోన్ వాల్డెమార్‌కు తప్ప. "వచ్చిందా?" అన్నాడాయన. "ఎవరైనా చెప్పండి, వచ్చిందా?"

ఎర్సిలియా ఎడమచేత్తో ఆయన అరచెయ్యి పట్టుకుని కల్వం పక్కన ఆనించింది. కుడిచేత్తో తిప్పుతూనే ఉంది. ఆయన అలా చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"వచ్చింది" అన్నాడు.

సీసా డబ్బాలోకి వెళ్ళింది. నెల్సన్ డబ్బా అందుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. బస్సు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. ఆ వారం ఆయన ఆస్పిరిన్ కొనలేదు.

నోరిస్‌కు జ్వరం రాలేదు. గొంతు గరగర మూడో రోజుకు తగ్గింది. బుధవారం ఆ కబురు వచ్చినప్పుడు లైను కలిపింది నేనే. కలిపి, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఇందులో దాచేదేముంది?

దోన్ వాల్డెమార్ క్షమాపణ చెప్పలేదు. ఎర్సిలియా కూడా చెప్పలేదు. మంగళవారం పొద్దున ఆమె షాపుకు వెళ్ళేసరికి ఎత్తుపీట లోపలి గదిలో, కల్వం పక్కన ఉంది. గోడ మీద పట్టా ఉంది, కేలండరు లేదు. గుమ్మం దాటి మాతే లోపలికి రాకూడదని ఆ రోజు నుంచి రూలు. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. దోన్ వాల్డెమార్ మాతే లేకుండా పావుగంటకు మించి ఉండలేడు కాబట్టి కౌంటరు దగ్గరే స్థిరపడ్డాడు. అక్కడ పీట లేదు. నిలబడి సబ్బులు అమ్మాడు.

రెండు వారాలకు నెల్సన్ వచ్చాడు. ఆస్పిరిన్ తీసుకుని, లోపలి గది గుమ్మం దగ్గర ఆగాడు.

"ఎర్సిలియా గారూ, నేను కూడా మీకు నలభై ఎనిమిదని చెప్పాను. యాభై ఏడండీ" అన్నాడు.

"మీ జుట్టు చూస్తేనే తెలుస్తోందిలెండి" అంది ఆమె, నూరడం ఆపకుండా.

రెండేళ్ళ తర్వాత పెళ్ళి చేసుకున్నారు. తొందరపడ్డారని ఊళ్ళో అనుకున్నారు.

కానీ నేను చెప్పాలనుకున్నది పెళ్ళి కాదు. మందు విరిగిన ఆ ఏడాదే సెప్టెంబరు చివర్లో, చలి వెళ్ళిపోయాక, హాసింతా ఒక జున్నుగడ్డ గుడ్డలో కట్టుకుని, పిల్లను తీసుకుని నెల్సన్ బస్సులో వచ్చింది. జున్ను ఎర్సిలియాకు. పిల్ల బస్సు దిగి రోడ్డు దాటి మందుల షాపు మెట్లు ఎక్కింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. డాక్టరు పక్కింట్లోంచి వచ్చి, లోపలి గదిలోనే చూస్తానని పిల్లను ఆ ఎత్తుపీట మీద కూర్చోబెట్టాడు. నా దగ్గర సబ్బు మళ్ళీ అయిపోయింది, కాబట్టి నేనూ ఉన్నాను.

డాక్టరు వీపు మీద అరచెయ్యి ఆనించాడు.

"ముప్ఫైమూడు అను తల్లీ."

నోరిస్ తలతిప్పి ఆయన్ని చూసింది. ఒక్క ఊపిరిలో, మధ్యలో ఎక్కడా తెగకుండా అడిగింది.

"ఒక టికెట్టేనా డాక్టరుగారూ, రానూపోనూనా?"

డాక్టరు చెయ్యి అలాగే ఉంది.  ఇరవై రెండేళ్ళుగా విన్నవాడు, అప్పుడే మొదటిసారి విన్నట్టు నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసేశాడు.

"రానూపోనూ తల్లీ" అన్నాడు. "రానూపోనూ."

"ఏంటీ? ఏమంది పిల్ల?" అని కౌంటరు దగ్గర్నుంచి దోన్ వాల్డెమార్ అరిచాడు.

 నేను ఎర్సిలియాను చూశాను. ఆమె అప్పుడే కల్వంలో పొడి బంక వేసి, గురువారం సీసాకు నూనె పొయ్యబోతోంది. నూనె సీసా కింద పెట్టింది. రెండు చేతులతో కల్వాన్ని బల్ల చివరిదాకా, తనకు దూరంగా జరిపింది. తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చింది. కుడిచేతి వదులు గుడ్డతో ముఖం తుడుచుకుని, చేతులు తుడుచుకుని, గడ్డం కింద కూడా తుడుచుకుని, అంతా పొడిగా ఉందని చూసుకున్నాకే మళ్ళీ కల్వాన్ని దగ్గరకు లాక్కుంది.